మీ సంస్థ ఒప్పుకోదు

పెద్దవంగరలో ఒక ఇల్లు అనుకోండి. హాల్లో గోడకు పెద్ద టీవీ. లోపలి అర్రలో బీరువా పక్కన, రెండు హార్డ్ డిస్కులను కడుపులో పెట్టుకొని పచ్చలైటు వెలిగిస్తూ, ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే నల్ల డబ్బా. రెంటికీ నడుమ ఒకే ఒక్క గోడ. డబ్బాలో బిడ్డ పెండ్లి వీడియో ఉంది, టీవీ ముందు చుట్టాలున్నారు, చాయ్ తాగడం కూడా అయిపోయింది. టీవీలో ఏమీ కనపడకపోయేసరికి ల్యాప్‌టాపు తెరిచి డబ్బాలోకి పోబోతే విండోస్ ఇంగ్లీషులో ఒక నోటీసు ఇచ్చింది. దాని సారాంశం: గుర్తింపు లేని అతిథులు ఈ ఫోల్డరులోకి రావడాన్ని మీ సంస్థ భద్రతా విధానాలు అడ్డుకుంటున్నాయి.

ఏ సంస్థ? ఇంటాయన పత్తి వేస్తాడు. ఇంటామె మహిళా సంఘంలో పొదుపు కడుతుంది. ఆ ఇంటి ఛాయల్లో సంస్థ అనదగ్గది ఏదైనా ఉంటే ఆ సంఘమే. దాని తీర్మానాల పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేసినా అతిథులను అడ్డుకోవాలని ఎక్కడా రాసి ఉండదు. అతిథులను అడ్డుకునే సంస్థే ఉంటే ఆ ఇంట్లో అసలు పెండ్లి ఎట్లా అయ్యేది?

నిజానికి మైక్రోసాఫ్ట్‌కు ఈ భయం ఊరికే పట్టలేదు. 2017 మే 12న వానాక్రై అనే పురుగు లోకం మీద పడింది. కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎమ్‌బీ అనే పద్ధతిలో, దాని పాత అవతారంలో ఉన్న బొక్క గుండా దూరి, దొరికిన ఫైలుకల్లా తాళం వేసి, తాళంచెవి కావాలంటే బిట్‌కాయిన్లు పెట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను సైతం వదల్లేదు. దొంగలను లాకప్‌లో వేసేవాళ్ల ఫైళ్లే లాకప్‌లో పడ్డాయి. ఆ బొక్కను పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు వేసుకోలేదు. ఆ ఏడు అక్టోబరు నుంచి కొత్తగా ఎక్కించే విండోస్ 10లో ఆ పాత పద్ధతిని తీసేశారు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ఇంకో మెట్టు ఎక్కి, ప్రో రకంలో పేరూ పాస్‌వర్డూ లేని అతిథి రాకను మూసేసింది. డబ్బా నుంచి వచ్చే ప్రతి మాట మీదా సంతకం ఉండాలంది.

మంచిదే, నేనేమీ దొంగల పక్షం కాదు. తలుపుకు గడియ పెట్టినవాణ్ని తప్పు పట్టను. ఇంటాయనను బయట నిలబెట్టి, గడియ పెట్టింది నువ్వేనని ఆయనకే చెప్తున్నారు చూడండి, అక్కడ కాలుతుంది. 'డబ్బాలో నీకొక పేరూ పాస్‌వర్డూ పెట్టుకొని వాటితో రా' అని ఆ నోటీసులో ఒక్క వాక్యం రాసి ఉంటే గండం గడిచేది. చాయ్ చల్లారేలోపు అయిపోయే పని. ఆ వాక్యం రాయడానికి చేతులు రాక, సంస్థ అనే దయ్యాన్ని పిలిచారు.

ఇంకో నోటీసు ఉంది, 80004005 నంబరుది. దీనికి మైక్రోసాఫ్ట్ వారు పెట్టుకున్న అధికారిక పేరు 'నిర్దిష్టంగా చెప్పని లోపం'. లోపం ఏమిటో చెప్పరట, కానీ దానికి ఎనిమిదంకెల నంబరు మాత్రం పక్కాగా ఉందట. మండలాఫీసులో ఎంత విసిగిపోయిన గుమస్తా అయినా 'ఏదో లోపముంది, పో' అని ఫైలు నంబరు వేసి పంపడు; కనీసం రేపు రమ్మంటాడు.

ఇక డబ్బా అమ్మినవాడి కస్టమర్ కేర్. ఏ కంపెనీ అని అడక్కండి, అందరూ చదివేది ఒకటే పాఠం.

"డబ్బా ఆన్‌లో ఉందా సార్?"

"ఉంది."

"పచ్చలైటు వెలుగుతోందా సార్?"

"వెలుగుతాంది."

"అయితే డబ్బా బాగానే ఉంది సార్. రౌటర్ ఆపి, ముప్పై సెకన్లు ఆగి, మళ్లీ వేయండి."

"వేసిన. గిప్పుడు టీవీల డబ్బా పేరు గూడ పోయింది."

"అయితే అది రౌటర్ సమస్య సార్. మీ కాల్‌కు ధన్యవాదాలు."

రౌటర్ వాడికి ఫోన్ చేస్తే టీవీ సమస్య. టీవీ వాడికి చేస్తే ఫైలు సమస్య. ఫైలు ఎవరిదంటే తొర్రూరు ఫోటో స్టూడియో పిల్లగానిది. సముద్రాల అవతల పుట్టిన నేరం మెట్టు మెట్టూ దిగొచ్చి, రెండు రాత్రులు నిద్ర లేకుండా కెమెరా మోసిన ఆ పిల్లగాని మెడకు చుట్టుకుంటుంది. ఈ గొలుసులో మర్యాదగా ఫోన్ ఎత్తి ఉపాయం చెప్పేది కూడా వాడొక్కడే: "పెన్‌డ్రైవ్‌ల ఏసుకొని చూడు కాకా."

రౌటర్ ఆపి వేస్తే పేరెందుకు పోయిందనేది బ్రహ్మరహస్యం కాదు. ఇంట్లో ప్రతి వస్తువుకూ రౌటరే చిరునామా ఇస్తుంది, అదీ అరువుకు. కరెంటు పోయి వచ్చిందంటే ఆ అరువు లెక్కలు మళ్లీ మొదటికి రావచ్చు. నిన్న 12వ నంబరులో ఉన్న డబ్బా ఇవాళ 15లో తేలుతుంది, టీవీయేమో 12 తలుపే కొడుతూ కూర్చుంటుంది. 2016 అక్టోబరు 11న పెద్దవంగర కూడా ఉన్న చోటు నుంచి అంగుళం కదలకుండానే వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాకు మారిపోయింది. కానీ దానికి కనీసం జీవో వచ్చింది. డబ్బాకు చిరునామా మారితే చెప్పే నాథుడు లేడు. రౌటర్ సెట్టింగుల్లో 'ఈ డబ్బాకు ఎప్పటికీ ఇదే చిరునామా' అని రిజర్వు చేస్తే ఈ బాధ శాశ్వతంగా తీరుతుంది. ఇంచుమించు ప్రతి రౌటర్‌లోనూ ఆ వీలుంది. కస్టమర్ కేర్ పాఠంలో మాత్రం లేదు. సమస్య తీరిపోతే మళ్లీ ఎవరు ఫోన్ చేస్తారు?

రౌటర్ ఒకటైతే ఇంతటితో పోయేది. ఊళ్లోకి ఫైబర్ వచ్చింది కదా. మిషన్ భగీరథ నీళ్ల పైపుల పక్కనే తీగ పరిచి ఇంటింటికీ ఇంటర్నెట్ ఇస్తామన్న సర్కారు వారి టీ-ఫైబర్ 2024 డిసెంబరులో కొన్ని ఊళ్లలో ప్రయోగంగా మొదలయ్యేసరికే, ప్రైవేటు వాళ్లు స్తంభాల మీద తీగలు లాగేశారు. తీగతో పాటు వాళ్లిచ్చిన పెట్టె ఒకటి. దాని వైఫై లోపలి అర్రకు అందదని ఆన్‌లైన్లో తెప్పించిన రౌటర్ ఇంకొకటి. టీవీ ఒకదాని కింద, డబ్బా ఇంకొకదాని కింద. డబ్బా 'నేనున్నాను' అని 239.255.255.250 అనే చిరునామాకు, 1900 నంబరు ద్వారం మీద చాటింపు వేస్తుంది. ఆ చాటింపు మామూలుగా రౌటర్ పొలిమేర దాటదు. రెండో దాన్ని రౌటర్‌గా కాకుండా ఉత్త వైఫై పెట్టెగా పనిచేసే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే పొలిమేర చెరిగిపోతుంది. ఈ ముక్క రౌటర్ అట్టపెట్టె మీద లేదు. దాని మీద నవ్వుతున్న తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ ఉంటారు, నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు. వాళ్లు ఎందుకు నవ్వుతున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఈ చాటింపు పద్ధతి మీద ఒకప్పుడు ఎంత ఆర్భాటం జరిగిందో తెలిస్తే మీకూ నవ్వొస్తుంది. 2003లో సోనీ, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ వంటి హేమాహేమీలు కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. తర్వాత దానికి డీఎల్‌ఎన్‌ఏ అని పేరు పెట్టారు. ఏ కంపెనీ డబ్బా అయినా ఏ కంపెనీ టీవీతోనైనా మాట్లాడాలి, మధ్యలో మనిషి చెయ్యి పెట్టే అవసరమే రాకూడదు, ఇదీ ప్రతిజ్ఞ. లోకమంతా టీవీల అట్టపెట్టెల మీద ముద్రలు పడ్డాయి. ఆ ముద్ర ఉంటే టీవీ ఏం ఆడిస్తుందని అనుకున్నాం? ఇంటి పరికరాల విషయంలో వాళ్ల నిబంధన ప్రకారం టీవీ తప్పనిసరిగా ఆడించాల్సిన వీడియో రకం ఎంపెగ్-2. అంటే డీవీడీల కాలం నాటిది. మిగతావన్నీ కంపెనీ దయ. కాబట్టి ముద్ర అబద్ధమాడలేదు. బిడ్డ పెండ్లిని డీవీడీల కాలంలో చేయకపోవడం మన పొరపాటు.

2017 జనవరి 5న, తన లక్ష్యం నెరవేరిందని చెప్పుకుని ఆ సంఘం రద్దయిపోయింది. లక్ష్యం నెరవేరింది! చుట్టాలింకా టీవీ ముందే కూర్చున్నారు.

సరే, రౌటర్ల తగువు తీర్చారు, చాటింపు చేరింది, టీవీలో డబ్బా పేరు వచ్చింది. 'పెండ్లి' ఫోల్డరు కూడా కనిపించింది. తెరిస్తే లోపల శూన్యం. ల్యాప్‌టాపులో చూస్తే అదే ఫోల్డరు నిండా ఫైళ్లు. ఈ మాయను మాత్రం మన తెలంగాణవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పట్టా ఒకరి పేర ఉంటుంది, కబ్జాలో ఇంకొకరు ఉంటారు. డబ్బాలో ప్రతి ఫోల్డరుకూ హక్కులు రెండు పొరలు. పై పొరలో 'ఫలానావాళ్లు రావచ్చు' అని పట్టా ఇస్తారు. కింద డిస్కు పొరలో ఒక్కో ఫైలుకూ వేరే యజమాని ఉంటాడు. పై పొర రమ్మని, కింది పొర వద్దంటే వద్దన్నదే చెల్లుతుంది. పైగా టీవీకి వీడియోలు వడ్డించే మీడియా సర్వర్ మీ పేరుతో పనిచేయదు. డబ్బా పుట్టినప్పుడే కంపెనీ దానికి సొంత పేరు పెట్టింది. మీరెవరో దానికి తెలియదు. పెన్‌డ్రైవ్ నుంచి ఫైళ్లు ఎక్కించింది మీరు కాబట్టి అవి మీ పేర ఉన్నాయి. వాటిని చదివే హక్కు సర్వర్‌కు లేదు. హక్కు లేనప్పుడు ఆ సంగతే చెప్పాలి కదా? చెప్పదు. ఫోల్డరు ఖాళీ అంటుంది. భూమి మీ పేర లేదు అని చెప్పాల్సిన పట్వారీ, అసలక్కడ భూమే లేదు అన్నట్టు.

2020 అక్టోబరు 29న ధరణి వచ్చినప్పుడు పహాణీలో అనుభవదారు కాలమ్ ఎగిరిపోయిందని ఊరూరా గగ్గోలు పెట్టాం. 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చేదాకా రచ్చబండ మీద అదే ముచ్చట. పొద్దున లేస్తే ఆర్‌ఎస్‌ఆర్ అనీ, మ్యుటేషన్ అనీ వకీళ్లలా మాట్లాడే జనం మనం. పక్కనున్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసిన భూమి పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేత పడనీయకుండా ఇల్లు చేర్చుకున్న నేల ఇది. అట్లాంటి నేల మీద, ఇంతటి కబ్జాదారును బీరువా పక్కన కూర్చోబెట్టి, వాడికి కరెంటు పోకుండా యూపీఎస్ కూడా కొని పెట్టుకున్నాం. మందు చాలా చిన్నది: ఫోల్డరు హక్కుల్లోకి పోయి, ఆ సర్వర్ పేరుకు చదివే అనుమతి ఇచ్చి, కింద ఉన్న ఫైళ్లన్నింటికీ అదే వర్తించేలా పెట్టి, సర్వర్ చేత జాబితా మళ్లీ రాయించడం. చివరిది మరిచిపోతే అది పాత జాబితానే పాడుతూ ఉంటుంది.

జాబితా వచ్చింది. ఇప్పుడు పేర్ల గోల.

తెలుగువాడు ఫైలుకు తెలుగులో పేరు పెడతాడని ఈ డబ్బాలు కలగనలేదు. వీటి లోపల నడిచేది సాధారణంగా లినక్స్. అందులో ఫైలు పేరుకు 255 బైట్ల హద్దు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటులో సర్దుకుంటుంది. తెలుగులో హల్లుకు మూడు, గుణింతపు గుర్తుకు మూడు, పొల్లుకు మూడు, సున్నకూ మూడే. ఆ లెక్కన పెద్దవంగర ఇంగ్లీషులో 12 బైట్ల ఊరు, తెలుగులో 27 బైట్ల ఊరు. గ్రామ పంచాయతీలో ఏ అభివృద్ధీ జరగకుండానే ఊరు రెండింతలు దాటింది. భద్రంగా ఉంటుందని ఫోల్డరును ఎన్‌క్రిప్ట్ చేశారా, సైనాలజీ కంపెనీ డబ్బాల్లో ఆ హద్దు 143కు కుంచించుకుపోతుంది. 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి' అని రాసేసరికే 77 ఖర్చు. పెండ్లికూతురు ఇంకా రాలేదు. పెండ్లికొడుకూ, వాళ్ల నాయన పేరూ, ముహూర్తమూ వచ్చేసరికి డబ్బా చేతులెత్తేస్తుంది. మన పెండ్లిపత్రికలో ఇరుపక్షాల బంధువుల పేర్లు ఏ ఒక్కటి తగ్గినా సంబంధాలే తెగిపోతాయి. వీళ్లు బైట్లు లెక్క పెడుతున్నారు.

ఎట్లాగో పేరు పట్టిస్తే కొన్ని టీవీల్లో తెలుగు ఫాంటు ఉండదు. పేరున్న చోట ఖాళీ గడులు వరసగా నిలబడతాయి. ఏ గడిలో మంగళస్నానం, ఏ గడిలో అప్పగింతలో రిమోట్ నొక్కి కనుక్కోవాలి. దీన్ని కంపెనీలు చిన్న విషయమంటాయి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు సంయుక్తాక్షరం ఐఫోన్లను ఎక్కడికక్కడ కుప్పకూల్చింది. 'జ్ఞ' తోటి వచ్చే కూర్పు అది. సందేశంలో ఆ అక్షరం వచ్చిందంటే యాప్ మూర్ఛపోయేది. అప్పుడు మాత్రం రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, ఆపిల్ అప్‌డేట్ పంపింది. తెలుగువాడికి ఇబ్బందైతే చిన్న విషయం, తెలుగు వల్ల ఇబ్బందైతే అత్యవసరం.

వీడియో తెరుచుకుంటుంది, బొమ్మ ఆడుతుంది, మాట రాదు. లేదా మాట వస్తుంది, బొమ్మ రాదు. ఇక్కడ మనం ఇంజనీర్లను దాటి వకీళ్ల రాజ్యంలోకి వచ్చాం. శాంసంగ్ 2018 నుంచి తన టీవీల్లో డీటీఎస్ రకం ధ్వనికి స్వస్తి చెప్పింది. హెచ్‌ఈవీసీ రకం వీడియోకైతే పేటెంట్లు వసూలు చేసే మఠాలు ఒకటి కాదు. ఎవరికి ఎంత కట్టాలో తేలక కంపెనీలే తలలు పట్టుకున్నాయి. విండోస్‌లో ఆ వీడియో చూడాలంటే మైక్రోసాఫ్ట్ దుకాణంలో 99 సెంట్లకు ఒక ముక్క అమ్ముతారు. వేలు పోసి కొన్న కంప్యూటర్‌కు డాలరులోపు చూపు! సైనాలజీ వారు 2024లో అప్‌డేట్ పేరిట తమ డబ్బాలోంచి వీడియో స్టేషన్ అనే యాప్‌నే పీకేసి, హెచ్‌ఈవీసీని విప్పే పని ఇకపై మీ టీవీయే చూసుకోవాలన్నారు. డబ్బా కొన్నప్పుడు ఉన్న సరుకు, డబ్బా ఇంట్లో ఉండగానే మాయం. ఇది మామూలు మనిషి చేస్తే పోలీస్ స్టేషన్లో దానికి వేరే పేరుంది.

ఇంకో సూక్ష్మం చెప్పాలి. చాలా టీవీల్లో, ఖరీదైన వాటిలో కూడా, నెట్‌వర్క్ తీగ పెట్టే రంధ్రం సెకనుకు 100 మెగాబిట్లది. మంచి కెమెరాలో 4కే రికార్డు చేస్తే ఆ ఒక్క వీడియోనే సెకనుకు 100 మెగాబిట్లు మింగుతుంది. స్టూడియో పిల్లగాడు ముచ్చటపడి అసలు ఫైళ్లే ఇచ్చాడా, తాళి కట్టే సమయానికి గిర్రున తిరిగే గుండ్రం వస్తుంది. తీగ మీద అంతా సవ్యంగా ఉంది, డబ్బా సవ్యంగా ఉంది, టీవీ సవ్యంగా ఉంది. తాళి మాత్రం పడదు.

ఇంతలో అమెరికా నుంచి కొడుకు ఫోన్. డబ్బా కొని పంపింది ఈయనే.

"నాయినా, నాకు ఇక్కడికెళ్లి డబ్బా కనబడ్తలేదు. రౌటర్ల పోర్ట్ ఫార్వర్డ్ చెయ్యి."

"మొన్న నువ్ చెప్పినట్టే చేస్తి బిడ్డా. తెల్లారి మీ అమ్మ సీరియల్ రాలే. ఇగ ఆమె నన్ను ఫార్వర్డ్ చేసింది."

ఈ కొడుక్కి ఇంకా తెలియని సంగతి ఒకటుంది. ఆసియా–పసిఫిక్ వంతుకు వచ్చిన పాత రకం ఇంటర్నెట్ చిరునామాలు 2011 ఏప్రిల్‌లోనే అడుగంటాయి. అందుకని చాలామంది ఇంటర్నెట్ వాళ్లు వందల ఇండ్లను ఒకే చిరునామా వెనక నిలబెడతారు. 100.64తో మొదలయ్యే నంబరు మీ రౌటర్‌కు వచ్చిందంటే మీరు ఆ గుంపులో ఉన్నట్టే. నాయిన ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాడికి మీ గడప కనిపించదు. ఒక రకంగా అది అదృష్టం. గడప తెరిచి ఇంటర్నెట్‌కు ఎదురుగా పెట్టిన క్యూనాప్ కంపెనీ డబ్బాలకు 2021లో క్యూలాకర్, 2022లో డెడ్‌బోల్ట్ అనే దొంగ ప్రోగ్రాములు వచ్చి తాళాలు వేసి పోయాయి. వీపీఎన్ పెట్టుకొని రావడం మేలు. వీడియోలు వడ్డించే ప్లెక్స్ అనే యాప్ గుండా వస్తానంటే అదీ ఉంది గానీ, 2025 ఏప్రిల్ 29 నుంచి ఇంటి బయటి నుంచి చూడటానికి చందా కట్టాలి. సినిమా మీది, డబ్బా మీది, కరెంటు బిల్లు మీ నాయనది, చందా వాళ్లది.

పోనీ డబ్బాలో ఉన్నది భద్రమేనా? 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ డబ్బాలు కొన్నవాళ్లు ఒక పొద్దున లేచి చూస్తే లోపల అంతా తుడిచిపెట్టుకుపోయి ఉంది. ఎవరో దూరంగా కూర్చుని వాటికి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు. 2015 తర్వాత కంపెనీ వాటికి అప్‌డేట్ ఇవ్వడం మానేసింది. పెద్దవంగర నుంచి బండి మీద పోయేంత దూరంలో ఉంది బమ్మెర. అక్కడి పోతన భాగవతాన్ని సింగభూపాలుడు భూమిలో పాతిపెట్టించాడని, కొంత చెదలు తిన్నదని, తిన్న భాగాలను గంగన, సింగన, నారయ తిరిగి రాశారని ఒక కథ ఉంది. కథ నిజమో కాదో పండితులు తేల్చుకోనీ. ఆ కథలో చెదలకైనా కనీసం ఆకలి ఉంది. మన డబ్బాల్లో రెండు డిస్కులు ఒకదానికొకటి నకలుగా ఉంటే చాలు, భద్రమని అమ్మేవాడు అంటాడు. ఒక డిస్కు చస్తే రెండోది ఆదుకుంటుంది, నిజమే. తుడిచేస్తే రెండూ ఒకేసారి శ్రద్ధగా తుడుచుకుంటాయి. పెండ్లి వీడియోను తిరిగి రాయడానికి ఏ నారయా రాడు. వేరే డిస్కులో ఇంకో నకలు, వీలైతే వేరే ఇంట్లో, ఉండాల్సిందే. ఈ మాట డబ్బా మీద ఎందుకు ఉండదంటే, ఉంటే డబ్బా కొనకుండా ఆ వేరే డిస్కే కొనుక్కుంటాం.

2025 ఏప్రిల్‌లో సైనాలజీ ఇంకో ముచ్చట తీర్చుకుంది. ప్లస్ రకం కొత్త డబ్బాల్లో తన ముద్ర ఉన్న డిస్కులే వేయాలంది. కొనేవాళ్లు మొహం చాటేసేసరికి అక్టోబరులో డీఎస్‌ఎమ్ 7.3 అనే కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి, వేరేవాళ్ల డిస్కులూ రావచ్చు అని సడలించింది. ఇది మనకు పనికొచ్చే వార్త. కస్టమర్ కేర్‌కు వినపడని మాట గల్లాపెట్టెకు వినపడుతుందన్నమాట.

ఉచితంగా దొరికే మందు గురించి వీళ్లెవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తాను. ఫ్రాన్సులో విద్యార్థుల పనిగా మొదలై లాభాపేక్ష లేకుండా నడుస్తున్న వీఎల్‌సీ అనే ప్లేయర్ ఉంది. ఆండ్రాయిడ్ టీవీలో అది వేసి, డబ్బాలో పెట్టుకున్న పేరూ పాస్‌వర్డూ ఇస్తే, చాటింపులూ జాబితాలూ లేకుండా నేరుగా ఫోల్డరులోకి పోతుంది. టీవీ ఒప్పుకోని ధ్వనిని చాలాసార్లు తానే విప్పుకుంటుంది. ప్లెక్స్‌కు బదులుగా, 2018 డిసెంబరులో ఎంబీ అనే సర్వర్ తన కోడు తలుపులు మూసినప్పుడు అలిగి బయటికొచ్చినవాళ్లు కట్టిన జెల్లీఫిన్ ఉంది. చందా లేదు, కంపెనీ దగ్గర ఖాతా అక్కర్లేదు, మీ సంస్థ ఎవరని అడగదు. జీతం లేకుండా రాసినవాళ్లకు చేతనైన పని, లక్షల కోట్ల కంపెనీలకు చేతకాలేదని నమ్మమంటారా? చేతనవును. లాభం లేదు, అంతే.

మన దేశంలో పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా బరువు, ధర, తయారైన నెల, ఫిర్యాదు చేయాల్సిన చోటు అచ్చు వేయాలి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలున్నాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కు తగిలించే వస్తువు అమ్మేవాడు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తాడో ముందే చెప్పాలి. మన వినియోగదారుల శాఖ వారు 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ పెట్టారు, సంతోషం. దానికి ఇంకొక్క జీవో తగిలించి, నవ్వే కుటుంబం బొమ్మను అట్టపెట్టె మీంచి తీసేయించి, ఆ జాగాలో పెద్దక్షరాలతో, తెలుగులో, ఇది అచ్చు వేయించమనండి:

'ఇందులో రెండు డిస్కులు పడతాయి. అప్‌డేట్లు మాకు ఓపిక ఉన్నంత కాలం. ఇవాళ ఉన్న యాప్ రేపు ఉండకపోవచ్చు. మీ టీవీ దీన్ని గుర్తించకపోతే తప్పు టీవీది, టీవీవారు ఒప్పుకోకపోతే రౌటర్‌ది, రౌటర్‌వారు ఒప్పుకోకపోతే మీ ఫోటోగ్రాఫర్‌ది. ఫోల్డరు ఖాళీగా కనిపిస్తే అది ఖాళీ కాకపోవచ్చు. పెండ్లికూతురి పేరు పొట్టిగా ఉండేలా పుట్టినప్పుడే జాగ్రత్త పడగలరు. కస్టమర్ కేర్ వేళలు: మీరు పొలంలో ఉన్నంతసేపు.'